పరగడుపున ఐదు కీచురాళ్ళు

1వ తారీకు, సోమవారం

ఉదయం 7.10. పరగడుపున షుగర్ 238.

డాక్టర్ గారు కాగితం చూశారు, నన్ను చూశారు, మళ్ళీ కాగితం చూశారు. మాత్ర మోతాదు పెంచారు. నెలలో దిగకపోతే సూదేనన్నారు. రోజూ, పొట్టకి. నవ్వుతూనే చెప్పారు. ఆయన పొట్ట కాదు కదా.

సూది సంగతి అలా ఉంచి, అసలు గండం ఫ్యాక్టరీలో ఉంది. బిస్కెట్ ఫ్యాక్టరీలో నాది రుచి చూసే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఏ వాయి గేటు దాటాలన్నా ముందు నా నాలుక ఒప్పుకోవాలి. ఏటా మాకు వైద్య పరీక్ష ఉంటుంది. ఈసారి 30న. షుగర్ 130 దాటిన మనిషిని రుచి బల్ల దగ్గర కూర్చోనివ్వరు. పోయినేడు నాకు 128 వచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. తెలియకూడదు. ఆ బల్ల పోతే నేనెవరో నాకే తెలియదు.

"స్వీట్లు తింటారా?" అని అడిగారు డాక్టర్ గారు. ఇంట్లో ముట్టనని చెప్పాను. నిజమే. ఉద్యోగం తిండి కిందకి రాదు.

సాయంత్రం 6.40. దారి దొరికింది! ఫోన్లో ఒక వ్యాసం. తినదగిన పురుగులతో షుగర్ తగ్గే అవకాశం ఉందట. కీచురాళ్ళు, మిడతలు, పట్టుపురుగులు. ఎలుకలకి పెడితే తగ్గిందట. "మనుషుల విషయంలో ఇంకా తేలాల్సి ఉంది" అని చివర్లో ఒక వాక్యం. అలాంటివి మర్యాదకి రాస్తుంటారు.

తీర్మానం: నెల రోజులు, పరగడుపున ఐదు కీచురాళ్ళు. 30 నాటికి 130 లోపు. ఆరు నూరైనా సరే!

2వ తారీకు, మంగళవారం

సాయంత్రం 5.30. పిట్టలు అమ్మే దుకాణం. వెనక అద్దాల పెట్టెలో కీచురాళ్ళు, పిట్టలకి మేతగా.

"యాభై ఇవ్వండి."

"మీ దగ్గర ఏ పిట్ట ఉందండీ?"

"పెద్దదే."

"ఎంత తింటుంది?"

"రోజుకి ఐదు. పరగడుపున."

అతను పిట్టకి ఏమైనా జబ్బా అని అడిగాడు. అవునన్నాను. పాపం అన్నాడు. మంచి మనిషి.

ఇంటికొచ్చి పెట్టెని బాత్రూం కిటికీ మీద పెట్టాను. మా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నాకు ఇరవై ఆరేళ్ళుగా అలవాటే. అసలు మాట తర్వాత వస్తుంది.

3వ తారీకు, బుధవారం

ఉదయం 6.00. అసలు మాట వచ్చింది. "నా బాండీ ముట్టుకోవద్దు. నా గరిటె ముట్టుకోవద్దు. నా స్టవ్ దగ్గర నిలబడి నన్ను పిలవొద్దు."

6.20. పాత టిఫిన్ డబ్బా మూతలో వేయించాను. ఉప్పు, మిరియాలు.

6.35. ఐదూ ప్లేట్లో ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

6.50. ఇంకా చూస్తున్నాయి.

7.05. ఒకటి తిన్నాను!

వృత్తి ధర్మంగా రుచి రాసుకుంటున్నాను. పైన కరకర బాగుంది. లోపల ఖాళీ. నడుమ కొంచెం వేరుశనగ పొట్టు వాసన. చివర్లో, తడిసి ఆరిన అట్టపెట్టె. వాయిగా వస్తే వెనక్కి పంపేవాణ్ణి.

మిగతా నాలుగూ రేపటికి. ఒంటికి మెల్లగా అలవాటు చేయాలి.

5వ తారీకు, శుక్రవారం

షుగర్ 231! ఏడు దిగింది! మూడు కీచురాళ్ళకే ఏడు!

లెక్క వేశాను. ఈ వేగంతో పోతే 30 నాటికి షుగర్ బాగా తక్కువై కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో సంగతి. మాత్రలూ పురుగులూ ఒకేసారి లోపలికి పోతుంటే, దిగినప్పుడు ఆ గొప్ప ఎవరిదో ఎలా తెలుస్తుంది? రుచి బల్ల దగ్గర రెండు వాయిలు కలిపి నోట్లో వేసుకోం కదా. అంచేత మాత్రలకి సెలవిచ్చాను. మా ఆవిడకి చెప్పలేదు. శాస్త్రం ఆవిడకి అర్థం కాదు.

7వ తారీకు, ఆదివారం

కీచురాళ్ళు నీరసంగా ఉన్నాయి. నీరసంగా ఉన్నదాన్ని తింటే నీరసమే వస్తుంది. మేపాలి.

ఫ్యాక్టరీలో విరిగిన బిస్కెట్లు ఉద్యోగులు తీసుకెళ్ళొచ్చు. గుప్పెడు నలిపి వేశాను. ఎగబడ్డాయి! వెన్న బిస్కెట్ ముందు తిన్నాయి, పాల బిస్కెట్ తర్వాత. అల్లం బిస్కెట్ని వాసన చూసి వదిలేశాయి. మూడేళ్ళుగా నేనూ అదే మొత్తుకుంటున్నాను, మేనేజర్ గారు వినరు. పురుగులకి ఉన్న నాలుక మనుషులకి లేదు.

9వ తారీకు, మంగళవారం

ఉదయం 5.15. పాట మొదలుపెట్టాయి. అన్నీ కలిసి.

5.20. మా ఆవిడ లేచి కూర్చుంది.

"ఏమండీ."

"ఆఁ."

"అవి ఎప్పుడు ఆపుతాయి?"

"తిన్నాక."

"అవా, మీరా?"

లేచి వెళ్ళి అన్నిటికంటే గట్టిగా అరుస్తున్నదాన్ని పట్టుకున్నాను. బొద్దుగా, నిగనిగలాడుతూ ఉంది. నా చేతిలో కూడా పాడుతూనే ఉంది. తినబుద్ధి కాలేదు. మళ్ళీ పెట్టెలో వేశాను. ఇవాళ్టికి రెండు సన్నవి తిన్నాను.

11వ తారీకు, గురువారం

షుగర్ 249.

కారణాలు:
మెషిన్ పాతది.
వేలు చల్లగా ఉంది.
నిన్న మేనేజర్ గారు అరిచారు. కోపం వస్తే షుగర్ పెరుగుతుంది. ఆయన కోపం నాకెలా ఎక్కిందంటే, నేను పక్కనే ఉన్నాను.
ఇవి ఆ వ్యాసంలోని జాతి కాకపోవచ్చు.
ఎలుకలు నా కంటే చిన్నవి. వాటికి ఐదు చాలు. నాకు ఏ ఐదు వందలో కావాలి.

రుచి చూసే బిస్కెట్లని కూడా లెక్కలోకి తీసుకోవాలా అని ఒక్క క్షణం అనిపించింది. రోజుకి ముప్పై నాలుగు వాయిలు. నమిలి గిన్నెలో ఉమ్మాలని రూలు. నేను ఏనాడూ ఉమ్మలేదు. మింగితేగానీ చివరి రుచి తెలియదు. ఉమ్మేవాళ్ళు సగం బిస్కెట్కే తీర్పు చెబుతున్నట్టు. అది పని. పనిని తిండితో కలపకూడదు.

13వ తారీకు, శనివారం

మూడు రోజులుగా పురుగు ముట్టలేదు. వివరాలు అనవసరం.

మా ఆవిడ పెట్టెలో బిస్కెట్ పొడి చూసింది.

"బిస్కెట్లు తిన్న పురుగుల్ని మీరు తింటున్నారు."

"అవును."

"అంటే మీరు బిస్కెట్లు తింటున్నట్టేగా?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. సాయంత్రం దాకా తెరిచే ఉంది.

15వ తారీకు, సోమవారం

కొత్త రక్తం! బొద్దువాటిని దుకాణానికి తిరిగిచ్చి, బిస్కెట్ ముఖం ఎరగనివి యాభై తెచ్చాను. దుకాణం పొద్దున్నే తీస్తాడు, ఇవాళ నాకు రాత్రిదాకా డ్యూటీ. అందుకని డ్యూటీకి వెళ్తూ తీసుకున్నాను. పగలంతా పెట్టె ఫ్యాక్టరీలో నా అల్మారాలో ఉంది. తాళం వేశాను. చొక్కా కప్పాను. ఎవరూ చూడలేదు.

రాత్రి ఇంటికొచ్చి లెక్కపెట్టాను. నలభై ఏడు.

పెట్టె మూత ఒక మూల లేచి ఉంది.

దుకాణంవాడు మూడు తక్కువ వేసి ఉంటాడు. హడావుడిలో ఉన్నాడు కదా.

17వ తారీకు, బుధవారం

ఉదయం 10.15. ఓవెన్ హాల్లో, పిండి బస్తాల వెనక నుంచి కీచుమని శబ్దం.

నాకు తెలిసిన గొంతే.

10.20. రెండో లైను ఆపేశారు. బిస్కెట్ ఫ్యాక్టరీలో పురుగంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మంటలు లేచినా మేనేజర్ గారు అంత అరవరు. వాయి మొత్తం పారబోశారు. అందరూ మోకాళ్ళ మీద వెతుకులాట. అందరికంటే ఎక్కువ నేనే వెతికాను.

11.40. రెండు దొరికాయి. మేనేజర్ గారు గాజు గ్లాసు కింద మూసి నా ముందు పెట్టారు.

"మీకు వాసనలు బాగా తెలుసు కదా. ఇవి ఎక్కడివో చెప్పగలరా?"

వాసన చూశాను. చెప్పలేనన్నాను. నోట్లో తడి లేదు. ఆ తర్వాత వచ్చిన వాయికి తీపి చాల్లేదని రాశాను. నిజానికి చాలింది. తెలియలేదు, అంతే.

18వ తారీకు, గురువారం

హాలు ఊడ్చే మనిషిని అందరం పిన్ని అంటాం. నా కంటే ముందునుంచీ ఉంది. వెనక తలుపు ఆవిడే తెరిచి వదిలేసి ఉంటుందని, పురుగులు అలా వచ్చాయని తేల్చారు. సోమవారం నుంచి రావద్దన్నారు.

నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, తలుపు నేను వేశాను. నువ్వు అటే వెళ్ళావు, చూశావు కూడా. మేనేజర్ గారికి ఒక్క ముక్క చెప్పు."

చూశాను. గడియ కూడా వేసింది.

"చూద్దాం పిన్నీ" అన్నాను.

ఇవాళ ముప్పై నాలుగు వాయిలకి నలభై బిస్కెట్లు తిన్నాను.

19వ తారీకు, శుక్రవారం

ఎందుకు చెప్పకూడదంటే:
చెబితే పురుగులు ఎందుకు తెచ్చావంటారు.
ఎందుకంటే షుగర్ అనాలి.
షుగర్ అంటే బల్ల పోతుంది.
పిన్నికి ఎలాగూ వయసైంది.

నాలుగోది రాశాక పెన్ను మూత పెట్టేశాను. ఇంత నీచంగా ఆలోచిస్తానని నాకు తెలియదు. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ, చదువుకోవాలి.

20వ తారీకు, శనివారం

షుగర్ 287. కారణాలు రాయడం లేదు.

మా ఆవిడకి అంతా చెప్పాను. మాత్రల సెలవు సంగతి కూడా. స్టవ్ ఆపేసి విన్నది.

"ఆ మూడు ఎప్పుడు పోయాయో మీకు తెలుసు."

"సోమవారం."

"ఆవిణ్ణి ఎప్పుడు తీసేశారు?"

"గురువారం."

"ఇవాళ?"

"శనివారం."

మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, మింగేదాకా నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

22వ తారీకు, సోమవారం

ఉదయం 8.30. మేనేజర్ గారి గది.

"ఆ పురుగులు నావండీ."

"మీవంటే?"

"నేను కొన్నవి. తినడానికి."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. "మన బిస్కెట్లకి వంకలు పెడుతూ, పురుగులు తింటున్నారా?"

"బిస్కెట్లు కూడా తింటున్నానండీ. అదే గొడవ. నాకు షుగర్ ఉంది."

"ఎంత?"

చెప్పాను. ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగారు. నాకు ఇవ్వలేదు.

"ఉమ్మే గిన్నె ఎందుకు పెట్టామండీ మీకు?"

"మింగితేగానీ..."

"ఇరవై రెండేళ్ళా?"

"సెలవులు తీసేసి."

ఆయన ఫోన్ దగ్గరికి లాక్కున్నారు. ఉద్యోగం తీయనన్నారు. రుచి బల్ల మాత్రం ఇవాళ్టి నుంచే నాది కాదు. ప్యాకెట్లు తూచే విభాగం. పిన్నిని తిరిగి రమ్మని ఫోన్ నా ముందే చేశారు. అది నేను అడిగాను. అడిగినందుకు గొప్పేం లేదు.

మధ్యాహ్నం 2.00. పిన్ని వచ్చింది. దండం పెడుతుందేమో, వద్దని ఎలా అనాలా అని ముందే మాట సిద్ధం చేసుకున్నాను.

"నాలుగు రోజులు ఆలోచించావా బాబూ?" అంది. చీపురు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది.

సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తూనే ఉంది.

23వ తారీకు, మంగళవారం

కొత్తవాటిలో ఒక్కటీ తినలేదు. నలభై ఏడింటినీ దుకాణానికి తిరిగిచ్చేశాను.

"పిట్ట పోయిందా సార్?"

"లేదు. మాత్రల మీద ఉంది."

24వ తారీకు, బుధవారం

తూచే విభాగం. ప్యాకెట్ వస్తుంది, పళ్ళెం మీద పెడతాను, పచ్చ దీపం వెలుగుతుంది, పంపుతాను. నోటితో పని లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చున్నాను.

పక్క హాల్లోంచి వెన్న బిస్కెట్ వాసన వచ్చింది. ఒక నిమిషం ఎక్కువ కాలింది. పరిగెత్తుకెళ్ళి చెబుదామని లేచాను. కూర్చున్నాను. ఏడుపొచ్చింది. వచ్చిందని రాస్తున్నాను, ఎవరు చదువుతారు గనక.

27వ తారీకు, శనివారం

ఉదయం 7.45. డాక్టర్ గారి దగ్గర. మా ఆవిడ కూడా వచ్చింది. నేను మళ్ళీ అబద్ధం చెబుతానని వచ్చింది.

షుగర్ 252.

అన్నీ చెప్పాను. ముప్పై నాలుగు బిస్కెట్ల దగ్గర ఆయన పెన్ను కింద పెట్టేశారు.

"మరి ఆ వ్యాసం..." అన్నాను.

"ఎలుకలకి తగ్గిందంటే ఎలుకలకి తగ్గిందనే అర్థమండీ. పరిశోధన జరగనివ్వండి. రేపు ఏం తేలుతుందో నాకూ తెలియదు. సరదా ఉంటే మనుషుల కోసం అమ్మే ప్యాకెట్ కొనుక్కుని నాలుగు తినండి. పిట్టల మేత వద్దు. మాత్ర మానేశారో, నా దగ్గరికి రావద్దు."

సూది రాశారు. రేపట్నుంచే.

లేవబోతుంటే మా ఆవిడ వైపు చూశారు. "మీరెప్పుడైనా చూపించుకున్నారా అమ్మా?"

"నాకేమండీ, నేను బాగానే ఉన్నాను" అంది. అంటూనే వేలు చాపింది.

214.

ఆయన మళ్ళీ చూశారు. 216. "మీకు మాత్రలతో మొదలుపెడదాం. మూడు నెలలు చూద్దాం. కంగారేం లేదు" అన్నారు.

బస్సులో ఇద్దరికీ కిటికీ పక్కన సీట్లే దొరికాయి, ముందొకటి, వెనకొకటి. దిగేదాకా ఆవిడ జడే చూస్తూ కూర్చున్నాను. నెల రోజులుగా ఇంట్లో షుగర్ అంటే నాదే అనుకున్నాను.

28వ తారీకు, ఆదివారం

ఉదయం 7.00. మొదటి సూది. నా చెయ్యి వణికింది. మా ఆవిడ లాక్కుని, పొట్ట పట్టుకుని, గుచ్చింది. చీమ కుట్టినంత. నెల రోజులు దీనికోసమా పరిగెత్తాను!

"అయిపోయిందా?" అన్నాను.

తల తిప్పి చూస్తే సూది చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"మీకు నేను గుచ్చాను. రేపు నాకూ రాస్తే? మీ చేతులు చూడండి, ఎలా ఊగుతున్నాయో."

"మూడు నెలలు చూద్దామన్నారు కదా."

"మీకు నెలే అన్నారు. చూశాంగా."

ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్వుతోందనుకున్నాను. ఈవిడకి సూదంటే నా కంటే భయం.

30వ తారీకు, మంగళవారం

ఫ్యాక్టరీలో వైద్య పరీక్ష జరిగింది. రుచి బల్లవాళ్ళ జాబితాలో నేను లేను. ప్యాకెట్లు తూచేవాళ్ళ షుగర్ ఎంతున్నా ఎవరికీ పట్టదు.

సాయంత్రం 6.15. మా ఆవిడ కూరగాయల సంచి బల్ల మీద పెట్టింది. అడుగున ఒక ప్యాకెట్. వేయించిన కీచురాళ్ళు. మనుషులకే. మీద తయారీ తేదీ కూడా ఉంది.

"ఇదేమిటి?"

"కనబడటంలా?"

"అవి పనిచేయవు. నేను తిన్నాను కదా."

"మీరు మాత్రలు మానేసి తిన్నారు. బిస్కెట్లు మింగుతూ తిన్నారు. నెలలో పదో పదకొండో తిని ఉంటారు. దాన్ని తినడమంటారా?"

"డాక్టర్ గారు ఇంకా తేలలేదన్నారు."

"తేలేదాకా ఊరికే కూర్చోమంటారా?"

1వ తారీకు, బుధవారం

ఉదయం 6.30. మళ్ళీ మొదలు! ఈసారి ఇద్దరం.

తీర్మానాలు:
మాత్రలు ముందు. ఒకరి మాత్ర ఒకరు మింగించాలి.
నా సూది ఆవిడ చేతితోనే.
సాయంత్రం నలభై నిమిషాలు నడక. వానొస్తే గొడుగుతో.
పరగడుపున కీచురాళ్ళు, చెరి ఐదు.

6.50. మాత్రలు అయ్యాయి. సూది అయింది. ప్లేట్లో పది పెట్టాను. ముందు నేను తింటానన్నాను. వద్దంది. ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని, నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది.

"ఎలా ఉంది?" అని అడిగాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

"భయంగా ఉందండీ" అంది.

నేనూ ఒకటి తిన్నాను. నాకూ అలాగే ఉంది. ఇంకా ఎనిమిది ఉన్నాయి.